ర్యామ్ ఎవరు తింటున్నారు?

"మీ కార్డు మా సర్వర్ ర్యామ్ మొత్తం తినేస్తోంది," అంది అలేఖ్య, కనీసం కూర్చోమని కూడా అనకుండా.

"కార్డు గట్ల తినదు మేడం. మీ డేటాబేసే తింటున్నది," అన్నాడు శ్రావణ్‌కుమార్, వానకు తడిసిన హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియక.

పటాన్‌చెరులోని ఆ మందుల ఫ్యాక్టరీలో సర్వర్లు చూసేది అలేఖ్య. డేటా దాచడానికి కొత్త ఎస్ఎస్‌డీ కార్డు కొనిపించింది తనే. కార్డు అమ్మిన కంపెనీ తరఫున వచ్చి బిగించింది శ్రావణ్. నెల తిరక్కుండానే సర్వర్ మాటిమాటికీ ఆగిపోతోంది. అతను వచ్చినప్పుడల్లా ఆమె గొడవపడేది, పడుతూనే చాయ్ తెప్పించేది. ఆ గొడవ కోసమే అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు, పాపం.

ఈసారి చాయ్ రాలేదు.

"ఇంకోసారి ఆగితే నన్ను పర్మనెంట్ చెయ్యరట. మూర్తి సార్ చెప్పేశారు," అంది నెమ్మదిగా.

శ్రావణ్ సర్వర్ ముందు కూర్చున్నాడు. ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టికను ఆ కార్డు సర్వర్ ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది. డేటాను విడగొట్టి దాచే ముక్కలు, అంటే బ్లాకులు, చిన్నవయ్యేకొద్దీ పట్టిక పెరుగుతుంది. బ్లాకుల సైజు చూడగానే అతనికి సంగతి అర్థమైంది. పాత డిస్కులకు చేసినట్టే దీన్నీ చిన్న బ్లాకులతో ఫార్మాట్ చేసింది తనే.

గుట్టుగా సరిచేసి వెళ్లిపోవచ్చు. కానీ నింద మాత్రం ఆమె మీదే ఉండిపోతుంది. లేచి, తిన్నగా మేనేజర్ నరసింహమూర్తి గదిలోకి వెళ్లాడు. వెనకే అలేఖ్య పరుగెత్తింది.

"తప్పు నాది సార్. కార్డు మంచిదే. నేనే ఆలోచించకుండ చిన్న బ్లాకులు పెట్టిన. మేడం తప్పేం లేదు."

మూర్తి కళ్లద్దాలు తీశాడు. "సాయంత్రానికి నడుస్తుందా?"

"బ్యాకప్ ఉంది సార్. నడుస్తది."

"అయితే అమ్మాయి పర్మనెంట్ కాగితం మీద రేపు సంతకం పెడతాను. నీ సంగతి మీ ఆఫీసుతో మాట్లాడతాను."

పెద్ద బ్లాకులతో మళ్లీ ఫార్మాట్ చేసి, డేటా ఎక్కించేసరికి సాయంత్రమైంది. సగం ర్యామ్ ఖాళీగా కనిపించింది.

"ఇగ పరేషాన్ లేదు మేడం. నన్ను పిలిచే పని పడదు," అన్నాడు శ్రావణ్. పని సవ్యంగా ముగిసినందుకు అంత దిగులుపడ్డవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడుండడు.

"మీకు తిట్లు పడతాయిగా. ఎందుకు చెప్పారు?"

"మీరు మాట పడుతుంటే సూడబుద్ధి కాలే. మీరంటే నాకు ఇష్టం."

అలేఖ్య స్క్రీన్ వైపు తిరిగింది. ఎర్రబడ్డ బుగ్గలు మాత్రం దాచుకోలేకపోయింది.

"ఆదివారం తెల్లాపూర్‌లో మా ఇంటికి భోజనానికి రండి."

"నువ్వెవరని మీ నాన్న అడిగితే ఏం చెప్పాలె?"

"ఇప్పుడు నాతో చెప్పిందే చెప్పండి. నేను మీ పక్కనే నిలబడతాను."