మూడు వరసల వెండి

ఎన్సెనాదా రేవు పట్నంలో ఆ గురువారం ఉదయం కూడా తదేయో మామగారికి గడ్డం గీస్తున్నాడు. నాలుగేళ్ల కిందట వణుకుడు జబ్బు మొదలైనప్పటి నుంచి మామగారైన ప్రొఫెసర్ ఎవోదియో చేతిలో కత్తి నిలవడం లేదు. వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేసి, మెడ చుట్టూ తువ్వాలు కట్టి, అల్లుడే రోజూ ఆ పని చేస్తాడు. బయట సముద్రపు మంచు ఇంకా విడలేదు.

"జాగ్రత్త తదేయో. నీ చేతుల సంగతి నాకు తెలుసు," అన్నాడు ముసలాయన.

"కదలకండి మామగారూ. తెగితే మళ్లీ నన్నే అంటారు."

"మరెవర్నంటాను? ఎనిమిదేళ్లు చేసినా ఒక్క పొర పరవలేకపోయాయి ఆ చేతులు!"

పొయ్యి మీద గుడ్లతో మచాకా ఎండుమాంసం వేయిస్తున్న ఆయన భార్య అంపారో వెనక్కి తిరక్కుండానే అరిచింది. "ముసలాయనా, కత్తి అతని చేతిలో ఉన్నంతసేపైనా నోరు మూసుకో!"

తదేయో నవ్వాడు. ఎవోదియో కూడా నురగ మీసాల్లోంచి నవ్వాడు. బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్న నొయేలియా మాత్రం తండ్రి వంక చూసి తల దించుకుంది. ఆ ఇంట్లో ఉండేది ఈ నలుగురే.

ఎవోదియో ఎన్నడూ ప్రయోగశాలలో చెయ్యి పెట్టిన మనిషి కాదు. పరమాణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో ప్రకృతి మూలసూత్రాల నుంచి మొదలుపెట్టి కంప్యూటర్ మీద లెక్కగట్టడం ఆయన విద్య. ఇరవై అయిదేళ్ల కిందట ఆయనో వ్యాసం రాశాడు. వెండి మీద ఒకే ఒక్క పరమాణువు మందాన నత్రజని కలిసిన ఒక నైట్రైడ్ పొర చదునుగా పరుచుకుని నిలబడుతుందని అందులో తేల్చాడు. దానితో ఆయన పేరు దేశాలు దాటింది. ఆ పొరను నిజంగా తయారుచేసి చూపించే పనిని శిష్యుడు తదేయో నెత్తికెత్తుకున్నాడు. గాలంతా తోడేసిన ఉక్కు పాత్ర ముందు ఎనిమిదేళ్లు కూర్చున్నాడు. పొర ఒక్కసారీ రాలేదు. జిడ్డు పెనం మీద నీటిబొట్లలా పదార్థమంతా ముద్దలు కట్టేది. "నీ పాత్రలో మురికి ఉంది. లెక్క తప్పదు, నీ చేతులే తప్పుతున్నాయి," అనేవాడు గురువు. మధ్యలో గురువు కూతుర్ని పెళ్లి చేసుకున్నా ఆ మాట మారలేదు. చివరికి తదేయో డాక్టరేట్ లేకుండానే బయటికొచ్చి, రేవులో చేపల శీతల గిడ్డంగుల్లో యంత్రాలు బాగుచేసే పనిలో చేరాడు. అది జరిగి పద్నాలుగేళ్లయింది.

వచ్చే శనివారం ఆ వ్యాసానికి ఇరవై అయిదేళ్ల సభ. నొయేలియాదీ తండ్రి విద్యే. పాత లెక్కను కొత్త యంత్రం మీద మళ్లీ వేసి సభలో తెర మీద చూపించమని ఆమెకు అప్పగించారు.

తదేయో మామగారి ముఖం తుడిచి, ట్రక్కు ఇంజను వేడెక్కించడానికి బయటికి వెళ్లాడు. అతని అడుగుల చప్పుడు దూరమయ్యాక నొయేలియా నోరు విప్పింది.

"నాన్నా, ఆ లెక్క మళ్లీ వేశాను."

"ఎంతసేపు పట్టింది? నాకు నాలుగు నెలలు పట్టింది తెలుసా!"

"ఒక్క మధ్యాహ్నం. మూడు వరసల వెండితో నీ సంఖ్యే వచ్చింది."

"మరింకేం?"

"ఏడు వరసలు పెట్టి చూశాను. పొర నిలవలేదు. తొమ్మిది పెట్టాను, పదకొండు పెట్టాను. మూడు వారాలుగా అదే పని. ముద్దలే నాన్నా. తదేయో చూసిన ముద్దలే."

నిజమైన వెండి ముక్కలో పరమాణువుల వరసలు కోట్లుంటాయి. అన్నీ లెక్కలో పట్టవు కాబట్టి పైన కొన్నింటినే తీసుకుంటారు. మరీ మూడే తీసుకుంటే ఆ వెండి రేకుకన్నా పలచనైపోయి, కింది ముఖం ప్రభావం పై ముఖానికి తగిలి, లేని బలం ఉన్నట్టు చూపిస్తుంది. ఈ సంగతి ఆ గదిలో ఇద్దరికి తెలుసు.

"అప్పట్లో మూడే పట్టేవి," అన్నాడు ఎవోదియో. "ఆ యంత్రం నా ఒక్కడిదా? అందరిదీ."

నొయేలియా ఒక పాత కాగితాల కట్ట ఆయన ముందు పెట్టింది. "నీ పెట్టెలో దొరికింది. ఐదు వరసలు కూడా వేశావు. పక్కన నీ చేతిరాతే, 'నిలవడం లేదు' అని."

ఆయన ఆ కట్టను పక్కకు జరిపాడు. అంపారో పొయ్యి ఆర్పి వచ్చి నిలబడింది.

"యంత్రంలో ఏదో తేడా అనుకున్నాను. మళ్లీ నా వంతు రావాలంటే ఆరు నెలలు. వ్యాసం అప్పటికే పంపేశాను."

"ఆ తర్వాత? అతను అక్కడ చచ్చేంత చాకిరీ చేసిన ఎనిమిదేళ్లలో నీ వంతు ఒక్కసారీ రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"వేయలేదు." ముసలాయన గొంతు దాదాపు వినపడలేదు. "ఏం వస్తుందో తెలుసమ్మా."

అంపారో కూతురి భుజం పట్టుకుంది. "నొయేలియా, శనివారం దాటనీ తల్లీ. ఆ పిల్లాడికి మాత్రం చెప్పకు. మానిపోయిన పుండు. ఇప్పుడు రేపితే ఏం బాగుపడుతుంది?"

"ఏంటి నాకు చెప్పకూడనిది?"

భోజనం డబ్బా మరిచిపోయి తదేయో వెనక్కి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. నొయేలియా లేచి ఆ కాగితాల కట్ట తీసుకెళ్లి భర్త చేతిలో పెట్టింది. ఆ అంకెలు చదవడం అతను మరిచిపోలేదు. మొదటి పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు, మళ్లీ మొదటికి వచ్చి తేదీ చూశాడు.

"మార్చి తొంభై ఎనిమిది. నేను ఆ ల్యాబులో అడుగుపెట్టడానికి మూడేళ్ల ముందు." తలెత్తాడు. "అంటే మామగారూ, నా పాత్ర శుభ్రంగానే ఉందా?"

"ఉంది."

"నా చేతులో?"

ఎవోదియో కిటికీ వైపు తిరిగాడు.

"మా నాన్న పోయిన రోజు గుర్తుందా మీకు? పాత్ర వేడెక్కుతోంది, మధ్యలో వదిలితే వారం పని పాడైపోతుంది. మీరు నా పక్కనే నిలబడి ఉన్నారు. వెళ్లు, నేను చూసుకుంటాను అంటారేమోనని మీ ముఖంలోకి చూశాను. 'ఈసారైనా జాగ్రత్తగా చెయ్యి' అన్నారు. నేను వెళ్లేసరికి శవపేటిక మూసేశారు. మా నాన్న ముఖం చూళ్లేదు నేను."

కట్టను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. డబ్బా అక్కడే ఉండిపోయింది.

ఆ పూట ఎవరూ తినలేదు. సభ కోసం కుట్లు విప్పి వదులు చేస్తున్న ఎవోదియో కోటును అంపారో సగంలోనే మడిచి అలమారలో పెట్టేసింది. "నలభై ఏళ్లు ఈ ఇంట్లో రేడియో పెట్టలేదు నేను," అంది మొగుడితో. "నువ్వు లెక్క వేసుకుంటున్నావని. పిల్ల ఏడిస్తే ఎత్తుకుని వీధిలోకి పోయేదాన్ని. ఎందుకోసం, ముసలాయనా?" ఆమె గొంతులో కోపం కూడా లేదు.

మధ్యాహ్నం ఎవోదియో విశ్వవిద్యాలయానికి ఫోన్ చేశాడు. సభ వద్దన్నాడు. లెక్క తప్పన్నాడు. వణుకుతున్న మాట అవతలివాళ్లకు అర్థం కాక మూడుసార్లు చెప్పించుకున్నారు. మూడోసారి గట్టిగా అన్నాడు. "తప్పని తెలిసే ఊరుకున్నాను. నాకు తెలుసు!" పక్కగదిలో విన్న నొయేలియా తనకు ఊరట కలుగుతుందనుకుంది. కలగలేదు. తండ్రి పేరు పోయింది, భర్త వయసు పోయింది. నిజం చెప్పి తాను సాధించింది ఏమిటో ఆమెకు తోచలేదు.

సాయంత్రం అయిదింటికి తదేయో వచ్చాడు, ఒంటినిండా చేపల వాసనతో. కాళ్లు కడుక్కోకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"పత్రికకు సవరణ పంపాలి," అన్నాడు ఎవోదియో. "నువ్వు చూసింది అందులో రాయాలి. నీ నోటు పుస్తకాలు..."

"కాల్చేశాను."

"గుర్తున్నంత చెప్పు."

"ఎందుకు? నాకు డాక్టరేట్ ఇస్తారా?"

"ఇవ్వరు."

"ఆ ఏళ్లు తిరిగిస్తారా?"

"ఇవ్వరు నాయనా. కానీ నువ్వు చూసింది నిజం. ఎక్కడో ఒకచోట అలా రాసి ఉండాలి."

తదేయో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నొయేలియా కంప్యూటర్ తెరిచింది.

"మొదటిది. రెండు వేల ఒకటి, అక్టోబరు. నాలుగు వందల డిగ్రీలు. ముద్దలు."

"సరిగ్గా చేశావు," అన్నాడు ముసలాయన.

"రెండోది. నవంబరు. నాలుగు వందల యాభై. ముద్దలు."

"సరిగ్గా చేశావు."

పుస్తకాలు కాలినా అతనిలో ఒక్కటీ చెరగలేదు. ఏ నెలలో పాత్ర మూతలోంచి గాలి దూరిందో, ఎప్పుడు వెండి ముక్క మార్చాడో అన్నీ చెబుతున్నాడు. ఒక్కొక్కదానికీ ఆ మాటే అంటూ ఎవోదియో కళ్లు తుడుచుకోవడం కూడా మానేశాడు. అంపారో పొయ్యి దగ్గర కదలకుండా నిలబడింది.

"అరవై నాలుగోది. రెండు వేల ఆరు, ఆగస్టు." తదేయో ఆగిపోయాడు. నొయేలియా వేళ్లు మీటల మీదే ఉండిపోయాయి.

"ఆ ఆగస్టులో నొయేలియా ఒక బిడ్డ కావాలంది, మామగారూ. పొర వచ్చాక చూద్దాం అన్నాను. మరుసటేడూ అదే అన్నాను. ఆ తర్వాత తను అడగడం మానేసింది."

ముసలాయన నోరు తెరిచాడు. ఇంతసేపూ అన్న మాట ఈసారి రాలేదు. వణుకుతున్న చేతిని చాచి అల్లుడి చేతి మీద వేసి, పట్టుకోవడం చేతకాక, అలాగే ఉంచాడు. తదేయో తన చెయ్యి తీసుకోలేదు. నొయేలియా తల వంచి వెక్కివెక్కి ఏడ్చింది, పద్నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఎవరి ముందూ ఏడవనంతగా.

తదేయో ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

"రాయి," అన్నాడు మెల్లగా. "ఐదు వందల ఇరవై డిగ్రీలు. ముద్దలు."