పొద్దున్నే వచ్చే రిపోర్టు

పొద్దున ఆరున్నరకి టీ కప్పు పక్కన ఫోన్ వెలిగింది. ఈత టీచరమ్మ గబుక్కున అందుకుంది. కూతురి ఫోన్‌లో తను పెట్టిన యాప్ నుంచి రోజూ ఆ వేళకి రిపోర్టు వస్తుంది. పాప నిన్న ఏం చూసింది, ఏం వెతికింది, అన్నీ అందులో ఉంటాయి. పెట్టి మూడు వారాలైనా పన్నెండేళ్ళ పిల్లకి ఆ సంగతి తెలియదు. "చెప్పి పెట్టు" అని భర్త నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆవిడ వింటే కదా.

ఇన్నాళ్ళూ బొమ్మలెలా వెయ్యాలి, పిల్లి ఎందుకు గుర్రుమంటుంది లాంటివే ఉండేవి. ఇవాళ వరసగా మూడు ప్రశ్నలు. చెవుడు మొదలైతే ఎలా తెలుస్తుంది? చెవుడు నయమవుతుందా? ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలి?

పాపకి చెవుడొస్తోందేమోనని టీచరమ్మకి భయం పట్టుకుంది. అడిగితే నీకెలా తెలుసంటుంది. అడక్కపోతే ప్రాణం ఊరుకోదు. చివరికి తనే ఒక పరీక్ష పెడదామనుకుంది.

పాప అద్దం ముందు జడ వేసుకుంటోంది. అమ్మ వెనక నిలబడి గుసగుసగా, "నీ రెండో మేజోడు మంచం కింద ఉంది" అంది.

"తెలుసు."

గుమ్మం దాకా వెనక్కి జరిగి ఇంకా మెల్లిగా, "లెక్కలు చేశావా?"

"రాత్రే చేశాను. ఎందుకమ్మా దొంగలా మాట్లాడుతున్నావు?"

వినబడుతోంది. అయితే ఒక చెవికేనేమో. కుడివైపు నుంచి ఒకటి, ఎడమవైపు నుంచి ఒకటి అడిగింది. పిల్ల టకటకా జవాబులు చెప్పి, జడ సగంలో ఆపింది.

"ఏమైందమ్మా నీకు?"

"నాకేం కాలేదు. నువ్వే చెవుల గురించి అంతలా వెతికితే..." అనేసి నాలుక్కరుచుకుంది.

పాప ఇటు తిరిగింది. "అది నీకెలా తెలుసు?"

ఇక దాచి లాభం లేదు. "నీ ఫోన్‌లో ఒక యాప్ పెట్టాను. ఎవరైనా చెడ్డవాళ్ళు నీతో మాట కలుపుతారేమోనని భయమేసింది."

"ఆ మాట నాతో అనొచ్చుగా. కొత్త పిల్లల్ని నీళ్ళలోకి దింపేటప్పుడు నడుముకి తాడు కడతావు. వాళ్ళకి చెప్పకుండా కడతావా?"

"చెప్పే కడతాను. లేకపోతే బెదిరిపోతారు."

"నేనూ బెదిరిపోయాను" అంది పాప. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి టీచరమ్మకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పే. కానీ చెవుడు ఎవరికి తల్లీ?"

పాప గోడకేసి తిరిగి ఏదో అంది.

"ఏంటి? గొణిగితే ఎలా?"

"మామూలుగానే అన్నాను. నా నోరు కనబడకపోతే నీకు మాట అందట్లేదు. ఇందాక కూడా అద్దంలో నా పెదాలు చూశావు. మొన్న ఈతకొలను దగ్గర ఒక పాప నిన్ను మూడుసార్లు పిలిచింది. నువ్వు చూడనేలేదు. దానికి ఈత వచ్చు కాబట్టి సరిపోయింది. నీ ఉద్యోగం పోతుందేమోనని చెప్పలేకపోయాను."

టీచరమ్మ మంచం మీద కూలబడింది. టీవీ సౌండ్ తగ్గిస్తున్నాడని మొగుడితో రోజూ పోట్లాడిందే, అదంతా గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాప వచ్చి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక ఇద్దరూ కలిసి ఆ యాప్ తెరిచారు.

"ఇందులో రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఆపేసేది ఉందిగా, అది పెట్టు" అంది పాప. "పిచ్చి వీడియోలు రాకుండా చేసేదీ పెట్టు, నాకూ అవంటే భయమే. నేనేం వెతికానో చూసేది మాత్రం తీసెయ్యి."

"మరి నీకేదైనా కష్టమొస్తే నాకెలా తెలుస్తుంది?"

"నేనే చెప్తాను. నువ్వు కూడా చెప్పాలి మరి."

టీచరమ్మ అది తీసేసింది. తర్వాత కొలను మేనేజర్‌కి ఫోన్ చేసి, "ఇవాళ పిల్లల్ని నీళ్ళలోకి దింపలేనండి. నాకు సరిగ్గా వినబడట్లేదు. డాక్టరుకి చూపించుకుని వస్తాను" అంది.

అవతల ఆయన ఏదో అన్నాడు. ఏడాదిగా ఇలా మాట అందనప్పుడు లైను బాగోలేదనుకుని "అలాగేనండి" అని పెట్టేయడం ఆవిడకి అలవాటు. ఇవాళ ఫోన్ పాప చేతికిచ్చింది.

"నాకు అందలేదు. ఏమంటున్నారో చెప్పవూ?"