డబ్బాలో ఆఖరి చీటీ

రండి, దగ్గరికి జరగండి. ఆ గుసగుసలు ఆపండి! నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత కుదరదు.

అది నర్సులు చదువుకునే బడి. ఆ ఏడు వాన ఎంత పట్టిందంటే, కప్పలు మొదటి బెంచీలో కూర్చుని హాజరు పలికేవి. ఒట్టు! పైకప్పు కారి క్లాసులో ఆరు బకెట్లు.

నెలసరి, కాన్పు, కోరిక... అన్నీ కూరగాయల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పేది అక్కడి టీచరు. ఒక డబ్బా పెట్టింది. అమ్మాయిలు పేరు రాయకుండా అందులో చీటీలు వేయాలి. ప్రతి చీటీ ఆమె పైకి చదవాలి, జవాబు చెప్పాలి. నవ్వినవాళ్లు బకెట్లు పారబోయాలి.

పాఠాలకి వాడే మనిషి బొమ్మలు బాగుచేసే మేస్త్రి ఆమెని మూడుసార్లు పెళ్లికి అడిగాడు. మూడుసార్లూ "వద్దండీ" అంది. ఎందుకో చెప్పలేదు. పాపం, ఆ పైకప్పు కంటే ఎక్కువ కుంగిపోయాడు.

ఆ రోజు మూల కూర్చుని బొమ్మ నడుము అతికిస్తున్నాడు. టీచరు చీటీలు చదువుతోంది.

"భర్తకి ఇష్టమై, భార్యకి ఇష్టం లేకపోతే? వద్దంటే వద్దనే. అంతే."

ఆఖరి చీటీ దగ్గర గొంతు తగ్గింది.

"గర్భసంచి తీసేసినవాళ్లకి... పెళ్లి, కోరిక... ఉంటాయా?"

"ఉంటాయని పోయినవారం మీరే చెప్పారు కదా మేడం!" అంది ముందు బెంచీ వసపిట్ట.

"పుస్తకం అలాగే చెప్తుందమ్మా. చేసుకునేవాడు చెప్పాలి కదా."

చీటీ చేయిజారి బకెట్లో పడింది. మేస్త్రి తీశాడు. బొమ్మల మీద ఆమె రాసిచ్చే భాగాల పేర్లు నాలుగేళ్లుగా అతికిస్తున్నాడు. ఆ గుండ్రటి రాత ఎవరిదో తెలిసిపోయింది. ఎందుకు వద్దందో కూడా. ఆమెకి ఇరవై ఆరేళ్లకే గడ్డ లేచి గర్భసంచి తీసేశారట. అప్పటిదాకా వాళ్లమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

అతను ఆమె దగ్గరికి వెళ్లాడు. తడి చీటీ ఇస్తూ మెల్లగా అన్నాడు.

"ఈ బొమ్మకి ఆ ముక్క ఎప్పుడో పోయిందండీ. పారేద్దామంటే నన్ను తిట్టారు. 'ఒక్క ముక్క పోతే మనిషి మొత్తం పోయినట్టా' అన్నారు."

"అది బొమ్మండీ."

"తిట్టింది మీరే కదండీ."

ఆమె కిటికీ వైపు తిరిగింది. చుక్కలు బకెట్లో టప్ టప్ మంటున్నాయి. అటే చూస్తూ అడిగింది.

"పిల్లలు?"

"ఈ క్లాసులో నలభైమంది ఉన్నారు. ఒక్కరూ మీ మాట వినరు. ఇంకా కావాలా?"

ముందు కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది.

"మేడం నవ్వారు! బకెట్లు, బకెట్లు!" క్లాసంతా గోల.

"వాన తగ్గాక నాలుగోసారి అడగనా?" అన్నాడు మేస్త్రి.

"ఇది తగ్గే వానలా లేదు. బకెట్ చెరో పక్క పట్టుకుని నడుస్తూ అడగండి."

నిండు బకెట్ పట్టుకుని ఇద్దరూ గుమ్మం దాటారు. చీపురు పట్టుకుని అంతా విన్న, క్లాసు ఊడ్చే పిన్ని, మూలనున్న బొమ్మని ఎగాదిగా చూసి అంది:

"అంతా బాగానే ఉంది గానీ, ఈవిడ ఆడపెళ్లివారి తరఫా, మగపెళ్లివారి తరఫా?"