అద్దం లోపలి వేలిముద్రలు

కన్నతల్లి మొహం ఎట్లా ఉంటుందో మంజులకు తెలియదు. ముప్పై దాటిన మనిషి, కోదాడ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచరు. తల్లి పోయేనాటికి ఆమెకు రెండేళ్లు. ఇంట్లో యేసయ్య పటం ఉంది, తండ్రి లాజరు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ యూనిఫాంలో దిగిన ఫోటో ఉంది, చుట్టాల పెళ్లి ఆల్బములు బీరువా నిండా ఉన్నాయి. తల్లిది మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

"మట్టి చేసేముందు ఫోటోలు తీయించినం బిడ్డా. రీలుకు వెలుగు తగిలి అంత ఖరాబైంది," అని చెప్పేది చిన్నమ్మ లచ్చమ్మ.

లచ్చమ్మ ఆ తల్లికి సొంత చెల్లెలు. అక్క పోయిన ఏడాదే బావను చేసుకుని, అక్క బిడ్డను కడుపులో పెట్టుకుని సాకింది. కన్నది కూడా ఇంత చేయదని వాడంతా అనేవాళ్లు. లాజరు పోయాక తల్లయినా తండ్రయినా ఆమే. చిన్నమ్మ మాటంటే మంజులకు బైబిలు వాక్యంతో సమానం.

మొన్న వానాకాలం లచ్చమ్మకు కంటి ఆపరేషన్ అయింది. ఆధార్ కార్డు కోసం మంజుల చిన్నమ్మ బీరువా తెరిచింది. చీరల అడుగున నల్లటి ప్లాస్టిక్ డబ్బీ దొరికింది. అందులో ఒక ఫిల్ము ముక్క, నాలుగు బొమ్మలు. కిటికీకి ఎత్తి చూస్తే ఒక పెట్టె, చుట్టూ మనుషులు. అంతా తిరగేసి ఉంది. మొహాలు నల్లగా, జుట్లు తెల్లగా.

ఫిల్ము ఖరాబు కాలేదు. శుభ్రంగా ఉంది!

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది మంజుల పని. అడుగుదామనుకుంది. అడిగితే ఇంకో అబద్ధం వినాల్సి వస్తుందని భయపడి, డబ్బీని బ్యాగులో వేసుకుంది. ల్యాబుకు ఇవ్వడానికి మనసు రాలేదు. అమ్మ మొహం ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ముందు చూడటమా? అందుకే ఫిల్మును కంప్యూటర్లోకి ఎక్కించే పాత స్కానర్ ఒకటి కొనాలని బయల్దేరింది.

అనుకున్నంత సులువుగా దొరికితే ఇంకేం. ఫిల్ముకు కింది వెలుగు చాలదు, స్కానర్ మూతలో కూడా లైటుండాలి. సూర్యాపేట షాపువాడికి ఆ సంగతే తెలియదు. "మూత తీసి మొబైల్ లైటు కొట్టు అక్కా, గంతే!" అన్నాడు. అట్లా చేస్తే తెరమీద వచ్చింది ఉత్త నల్లటి పట్టీ. కోదాడలో దొరికినదానికి మూతలో లైటుంది. "పనికొస్తుందండీ, పూచీ నాది," అన్నాడు అమ్మేవాడు. రెండుసార్లు మిణుకుమని ఆ లైటూ పోయింది, వాడి పూచీ కూడా దాంతోనే పోయింది.

మూడోది మిర్యాలగూడలో. మూతబడ్డ ఫోటో స్టూడియో సామాన్లు అమ్ముతున్నారని తెలిసి, ముసురు పట్టిన మధ్యాహ్నం వెళ్లింది. వెంకటనర్సయ్య అనే పెద్దాయన తాళం తీశాడు. వెనక గది కిటికీలకు నల్ల రంగు పూసి ఉంది. చెమ్మ వాసన, ఫోటోలు కడిగే పాత మందుల పుల్లటి వాసన. బల్లమీద స్కానర్, పక్కన కంప్యూటర్.

"సెకండ్ హ్యాండుది కొనేటప్పుడు ముందుగాల ఖాళీగ స్కాన్ జేసి సూడాలమ్మా. గీతలుంటే బయటపడతయ్," అన్నాడాయన.

అద్దం మీద ఏమీ పెట్టకుండా మూత వేశాడు. కిర్ర్‌మంటూ లైటు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. తెరమీద తెల్లటి ఖాళీ. ఒక మూలన మాత్రం ఐదు వేలిముద్రలు.

గుడ్డతో తుడిచాడు. మళ్లీ చేస్తే మళ్లీ ఉన్నాయి. గోరుతో గీకి చూశాడు.

"లోపలి దిక్కున్నయ్," అన్నాడు నొసలు ముడిచి. "దీన్నెవరు ఇప్పలేదే!"

"పర్వాలేదు బాబాయ్, లైటు బాగుంది కదా."

"నీ ఫిల్ము పెట్టి సూసుకో మరి. నేను చాయ్ పట్టుకొస్త."

ఆయన వెళ్లాడు. వాన గట్టిపడింది. మంజుల ఫిల్మును స్కానర్ చట్రంలో బిగించి, అద్దం మీద పెట్టి, మూత వేసింది. కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది. ముప్పై ఏళ్ల ఆకలి మరి.

మొదటి బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది.

మట్టికి ముందు శవపెట్టె మూత తీసి, చుట్టాలంతా చుట్టూ నిలబడి ఫోటో దిగడం వాళ్లలో రివాజు. అందరూ ఉన్నారు. నాన్న, పాస్టరు గారు, తెల్ల చీరలో వయసులో ఉన్న చిన్నమ్మ. ఆమె పక్కన పెట్టె అంచు పట్టుకుని తెల్ల గౌనులో రెండేళ్ల మంజుల. పెట్టెలో చామంతుల మధ్య... అమ్మ. కళ్లు మూసుకుని ఉంది. తనదే మొహం. అచ్చం తనదే!

"అమ్మా..." అంది మంజుల. కళ్ల నీళ్లు ఆగలేదు.

రెండో బొమ్మ. అందరూ అట్లాగే నిలబడి కెమెరా వైపే చూస్తున్నారు. కెమెరా వైపు చూడండని ఫోటో తీసేవాడు చెప్పి ఉంటాడు. ఒక్క చిన్నమ్మ మాత్రం పెట్టెలోకి చూస్తోంది.

పెట్టెలో అమ్మ కళ్లు తెరిచి ఉన్నాయి.

గదిలో వాసన మారింది. చామంతులు... కొత్త చెక్కకు పూసిన వార్నిష్... తడి మట్టి.

మూడో బొమ్మ. అమ్మ చెయ్యి పైకి లేచింది. వేళ్లు పాప గౌను అంచును పట్టుకున్నాయి. వాటి మీద చిన్నమ్మ చెయ్యి. ఒక్కో వేలూ విడదీస్తోంది. మిగతావాళ్లంతా బుద్ధిగా కెమెరానే చూస్తున్నారు. నాన్న కూడా.

నాలుగో బొమ్మ. పెట్టె మూత వేసి ఉంది. పాప నోరు తెరిచి ఏడుస్తోంది. ఇప్పుడు చిన్నమ్మ కూడా కెమెరా వైపే చూస్తోంది.

ఫోన్ మోగింది. చిన్నమ్మ.

"ఏడున్నవ్ బిడ్డా? బడికి ఫోన్ జేస్తే రాలేదన్నరు."

"మిర్యాలగూడల."

"గాడేం పని?"

"చిన్నమ్మా..." మంజుల గొంతు గుసగుసలా వచ్చింది. "అమ్మ కండ్లు తెరిచింది గదా?"

అవతల తలుపు గడియ వేసిన చప్పుడు.

"నిన్ను నా పానం లెక్క సాదుకున్న మంజులా..."

"నేనడిగింది గది కాదు."

ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు దించింది చిన్నమ్మ.

"అది నీ గౌను ఇడ్వలే. ఎంత గుంజినా ఇడ్వలే బిడ్డా."

తలకు నూనె పెట్టిన చేతులవి. గోరుముద్దలు తినిపించిన చేతులవి. జ్వరమొస్తే తెల్లవార్లూ నొసటిమీద తడిగుడ్డ వేసిన ఆ చేతులే ఆ వేళ్లనూ విడదీశాయి. "ఎంత మోసం జేసినవ్ చిన్నమ్మా! ఎట్ల మనసొప్పింది నీకు?" అని అరవాలనుకుంది.

కిర్ర్...

తను ఏదీ నొక్కలేదు. స్కానర్ లైటు వెలిగింది.

"గా సప్పుడేంది బిడ్డా?" అంది చిన్నమ్మ.

మంజుల లేవబోయింది. మెడ దగ్గర పట్టేసింది. చూస్తే చున్నీ కొంగు స్కానర్ మూత కింద ఉంది. ఫిల్ము పెట్టాక ఆ మూతను తను మళ్లీ ఎత్తలేదు... అది పెట్టేటప్పుడు చున్నీ భుజం మీదే ఉంది.

లాగింది. రాలేదు.

లైటు మెల్లగా నడుస్తోంది. తెరమీద బొమ్మ గీత తర్వాత గీతగా దిగుతోంది. చున్నీ అంచు... దాని మీది చిన్న చిన్న నీలం పూలు... ఆ పూల మీద బిగుసుకున్న వేళ్లు.

"అమ్మా, ఇడువు..." అంది మంజుల.

ఫోన్లో చిన్నమ్మ ఏడుస్తోంది. "ఎవరితోని మాట్లాడుతున్నవ్? మంజులా... పలుకవేంది?"

చున్నీ ఇంకో జానెడు లోపలికి పోయింది.