మూడు రింగులు

సర్వర్ ఇంజినీరు లిఫ్ట్ ఎక్కేటప్పుడు ప్రాణాలతోనే ఉన్నాడు. నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి లేడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. ఫోన్‌లో సగం టైపు చేసిన మెసేజ్: "పన్నెండింటికి జవాబులు..."

"దొరికింది ఇంతే," అన్నాడు చీఫ్, ఫోటోను టేబుల్ మీద ముందుకు తోస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ పిన్ని అంటారు. ఏ గుంపులో నిలబడినా ఎవరి పిన్నో అనుకుని జనం పట్టించుకోని మొహం ఆవిడది. ఆ మొహంతోనే ఇప్పటిదాకా చాలామంది ఘనుల్ని జైలుకు సాగనంపింది.

"ఆర్కిడ్ మళ్ళీ దిగింది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా. నకిలీ మందుల వ్యాపారం. కొన్నేళ్ళుగా మన దగ్గర వాళ్ళ పప్పులు ఉడకట్లేదు. కారణం ఈ సర్వరే."

పిన్నికి తెలుసు. మందు పెట్టె మీద గీకితే ఒక నంబరు వస్తుంది. దాన్ని మెసేజ్ కొడితే అసలుదో నకిలీదో ఈ సర్వర్ నుంచి వెంటనే జవాబు వస్తుంది. డాక్టరు మొహం ఎరగని ఊళ్ళో నర్సు కూడా చేతిలోని ఫోన్‌తో నకిలీ మందును పట్టేస్తోంది. ఆర్కిడ్‌కు కడుపుమంట ఉండదా మరి?

"సర్వర్ కేంద్రం లోపల మన మనిషి ఉంది. కోడ్ నేమ్ సిల్క్. వెళ్ళి..."

పిన్ని జేబులో బటన్ ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. చీఫ్ మొహం చిట్లించాడు.

"సారీ సార్. మా వదిన. కాన్పుల ఆసుపత్రిలో హెడ్ నర్సు. మా చెల్లెల్ని కాన్పు గదిలోకి తీసుకెళ్ళారట."

"ఎత్తకుండానే ఎలా తెలిసింది?"

"రెండు రింగులు సార్. ఒకటైతే క్షేమం. రెండైతే లోపలికి తీసుకెళ్ళారు. మూడైతే నకిలీ మందు, కొత్త స్టాకు ముట్టుకోవద్దు. ఫోన్‌లో బ్యాలెన్స్ లేని రోజుల్లో నర్సులు పెట్టుకున్న పద్ధతి. అర్జెంటైతే ఉంటుందని మీ నంబరు కూడా వదినకిచ్చాను."

"ఈ కాలంలో కూడా మిస్‌డ్ కాల్సా!" అన్నాడు చీఫ్.

గూఢచారికి కోటూ నల్ల కళ్ళద్దాలూ ఉండాలన్నవాళ్ళు గచ్చు తుడిచే మనిషిని ఎప్పుడూ చూసి ఉండరు. పిన్ని నీలం యూనిఫాం వేసుకుని, బకెట్టు పట్టుకుని, నాలుగు సెక్యూరిటీ గేట్లు దాటింది. ఒక్కడంటే ఒక్కడు ఐడీ అడగలేదు. ఒకడు మాత్రం తన టేబుల్ కింద కూడా తుడవమన్నాడు.

కంట్రోల్ రూమ్‌లో సిల్క్ ఒక్కతే ఉంది. ఎత్తు మడమల చెప్పులు, ఖరీదైన సెంటు, చెవిలో ఇయర్‌పీస్. పిన్ని గుమ్మం దగ్గర నుంచి సబ్బునీళ్ళతో తుడుస్తూ కోడ్ వాక్యం అంది. "ఫినాయిల్ వాసన ఎక్కువైందా మేడమ్?"

"కిటికీ తీస్తే పోతుంది," అంది సిల్క్. అదే సరైన జవాబు. వెంటనే పిస్టల్ తీసింది. అది మాత్రం కోడ్‌లో లేదు.

పిన్ని చెప్పు మడమలోని ట్రాన్స్‌మిటర్, పెన్ కెమెరా, డిపార్ట్‌మెంట్ స్మార్ట్ ఫోన్ అన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. బటన్ ఫోన్ చూసి సిల్క్ నవ్వింది. "ఇదేం మ్యూజియం సరుకు?" అని దాన్ని వదిలేసింది.

గోడ గడియారం పన్నెండు దాటింది. సిల్క్ స్క్రీన్ వైపు చూపించింది. "ఈ క్షణం నుంచి ఏ నంబరు పంపినా జవాబు ఒకటే. అసలుది. కాన్పయ్యాక రక్తం ఆగడానికి ఇచ్చే ఇంజెక్షన్ పొద్దున్నే అన్ని ఆసుపత్రులకూ చేరింది. అందులో ఉన్నది ఉప్పునీళ్ళు. ఎవరైనా నోరెత్తితే? ప్రతి మెసేజ్ చదువుతాం, ప్రతి కాల్ వింటాం. నకిలీ అన్న మాట వినపడితే లైన్ కట్."

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే చెల్లెలు గుర్తొచ్చి భయం వేసింది. ఆ భయం నిజమే. దాన్ని దాచుకోకుండా అలాగే వాడుకుంది.

"మా చెల్లెలు కాన్పు గదిలో ఉంది. ఒక్కసారి వదినతో మాట్లాడనివ్వండి."

సిల్క్‌కు సరదా వేసింది. "చేసుకో. తేడా మాట వచ్చిందో, లైన్‌తో పాటు నువ్వూ కట్."

పిన్ని నంబరు నొక్కింది. ఒక రింగు. రెండు. మూడు. కట్ చేసింది.

"ఎత్తట్లేదు," అంది దిగాలుగా.

"పాపం," అంది సిల్క్.

ఆసుపత్రిలో అప్పుడే బిడ్డ బయటపడింది. రక్తం ఆగడం లేదు. వదిన కొత్త పెట్టె నంబరు మెసేజ్ కొట్టింది. అసలుది అని జవాబు వచ్చింది. మందు సిరంజిలోకి ఎక్కించి మరదలి చెయ్యి పట్టుకుంది. సూది చర్మానికి తగలబోతుండగా జేబులో ఫోన్ మూడుసార్లు మోగి ఆగింది.

వదిన సిరంజి పక్కన పడేసింది. పాత స్టాకు అడుగున మిగిలిన ఇంజెక్షన్ ఇచ్చి, ఎడమచేత్తో ఫోన్ తీసింది. పక్క ఊరి నర్సుకు మూడు రింగులు. ఆ పై ఊరికి మూడు. చీఫ్‌కు మూడు. ఆ నర్సులు ఇంకొందరికి. ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు.

కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద మాత్రం అంతా ప్రశాంతం. కలవని కాల్‌లో వినడానికేముంటుందని ఆర్కిడ్ సాఫ్ట్‌వేర్ మిస్‌డ్ కాల్స్‌ను చెత్త కింద లెక్కేసింది. దాన్ని రాసినవాళ్ళ ఫోన్‌లో బ్యాలెన్స్ ఎప్పుడూ అయిపోలేదు.

కాసేపటికి సిల్క్ ముఖంలో నవ్వు తగ్గింది. కొత్త మందు నంబర్లు రావడం ఆగిపోయింది. ఇయర్‌పీస్‌లో ఎవరో అరుస్తున్నారు.

"ఎవరూ మందు వాడట్లేదేం? ఏం చేశావ్? నువ్వొక్క మాట కూడా మాట్లాడలేదే!" అంది సిల్క్ పిన్నితో.

"మాట్లాడక్కర్లేదు," అంది పిన్ని. "మా నోళ్ళు నొక్కేవాళ్ళు నీకంటే ముందు చాలామంది వచ్చారు. నోరు విప్పకుండా చెప్పుకోవడం మాకు వాళ్ళే నేర్పారు. కాల్చు. నేను పోతే పోతాను. ఆ మందు మాత్రం ఇక ఏ తల్లి ఒంట్లోకీ ఎక్కదు."

సిల్క్ పిస్టల్ ఎత్తి ఒక అడుగు ముందుకు వేసింది. ఎత్తు మడమ సబ్బునీళ్ళ మీద పడి జారింది. తూటా పైకప్పుకు తగిలింది. సిల్క్ లేచేలోపు పిన్ని బకెట్టు ఆవిడ తలమీద బోర్లించింది.

తలుపు బద్దలుకొట్టుకుని కమాండోలతో చీఫ్ వచ్చాడు, రొప్పుతూ.

"మూడు రింగులు వచ్చాయి. ఎత్తబోయేసరికి ఆగిపోయాయి. విసుక్కుని ఫోన్ జేబులో పెట్టుకున్నాక, పొద్దున నువ్వు చెప్పింది గుర్తొచ్చింది," అన్నాడు కాస్త సిగ్గుపడుతూ.

అంతలో బటన్ ఫోన్ మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది. పిన్ని ఊపిరి బిగబట్టి ఇంకో రింగు కోసం చూసింది. రాలేదు. తడిగచ్చు మీదే కూలబడి కళ్ళు తుడుచుకుంది.

"క్షేమమా?" అన్నాడు చీఫ్. ఇప్పుడు ఆయనకూ భాష వచ్చేసింది. "ఆడపిల్లా, మగపిల్లాడా?"

"అంత వివరం కావాలంటే కాల్ చేసి మాట్లాడాలి సార్," అంది పిన్ని. "బ్యాలెన్స్ డిపార్ట్‌మెంట్ వేయిస్తుందా?"