దారం లేని మిషను

“ఆ కుళాయి కట్టెయ్యవే పిచ్చుకా! ట్యాంకులో నీళ్ళన్నీ నీకేనా?”

కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే అరిచింది టైలరమ్మ. సాయంత్రంలోగా ఆసుపత్రికి ఇవ్వాల్సిన మాస్కుల గుడ్డ పక్కనే గుట్టగా పడి ఉంది. బాత్రూంలోంచి నీళ్ళ చప్పుడే తప్ప జవాబు లేదు. పదహారేళ్ళ కూతురు రోజూ పొద్దున్నే అరగంట అందులో ఏం చేస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

ఒకప్పుడు పొద్దస్తమానం వాగుతూ ఉండేదని ఆ పిల్లని పిచ్చుక అనేవారు. ఈ మాయదారి జబ్బొచ్చి బళ్ళు మూసేశాక నోరు కూడా మూసేసింది. తిండి లేదు, నిద్ర లేదు. క్లాసు టీచరు పోరు పడలేక, పిల్లల మనసుకి వైద్యం చేసేచోట పేరు రాయించారు. అక్కడా క్యూనే! రెండు నెలలు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తే, రావొద్దు, ఫోన్లోనే మాట్లాడతాం అన్నారు. కౌన్సిలర్ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ పిచ్చుక చెప్పింది ఒకటే మాట: “బాగానే ఉన్నాను మేడం.”

ఇవాళ పదింటికి మూడోసారి. ఇబ్బందేమీ లేదని ఈసారి కూడా అంటే, పేరు తీసేసి వరసలో ఉన్న తర్వాతివాళ్ళకి ఇస్తామని మెసేజ్ వచ్చింది.

పిచ్చుక తుడుచుకున్న మొహంతో బయటికొచ్చింది.

“ఇవాళైనా నోరు విప్పు తల్లీ,” అన్నాడు తండ్రి. బస్సు డ్రైవరు, బస్సులు ఆగిపోయి నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. “బాగానే ఉంటే మాకెందుకీ తిప్పలు?”

“మనసుకి డాక్టరేంట్రా, చోద్యం కాకపోతే!” అంది మంచం మీంచి నానమ్మ. “మేం ఎనిమిదిమందిమి ఒకే గదిలో పెరిగాం. ఒక్కరికైనా మనసుందా?”

“మీరు కాసేపు ఊరుకోండత్తయ్యా. ఏమే, నిద్ర పట్టట్లేదని చెప్పు. అన్నం సయించట్లేదని చెప్పు. నువ్వు చెప్పకపోతే పక్కన కూర్చుని నేనే చెప్తా.”

“నువ్వు పక్కన కూర్చుంటావనే కదమ్మా నేను చెప్పంది!”

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఆ గొంతు అంత పైకి లేచి ఎన్నాళ్ళయిందో.

“పోయినసారి నువ్వు కర్టెన్ వెనకాలే నిలబడ్డావు. నాన్నేమో టీవీ సౌండ్ తగ్గించాడు, వినపడ్డానికి! నానమ్మ ‘ఏమంటోంది, ఏమంటోంది’ అని ఒకటే గోల. నేను చెప్పాల్సింది మీ గురించే అయితే? పొద్దున్న లేస్తే మీ ఇద్దరి పోట్లాటకి నాకు ఊపిరాడట్లేదని మీ ముందే ఎలా చెప్పను? ఈ ఇంట్లో ఏడవడానికి కూడా చోటు లేదు. అందుకే కుళాయి తిప్పుకుంటున్నా. చాలా?”

ఇన్నాళ్ళూ ఆ నీళ్ళకోసమే కదా పిల్లని తిట్టిపోసింది! టైలరమ్మకి తన మీద తనకే ఒళ్ళు మండింది. పోనీ పిల్లని ఎక్కడికి పంపాలి? బయట లాక్‌డౌన్. మేడకి ఇంటివాళ్ళు తాళం వేశారు. ఆ దిక్కుమాలిన ఫోను ఛార్జర్ తీస్తే ఆరిపోతుంది. ప్లగ్గు వంటగదిలో ఉంది. వంటగదికీ ముందుగదికీ మధ్య తలుపైనా లేదు, పాత కర్టెన్ తప్ప.

ఫోను మోగింది. పిచ్చుక కర్టెన్ అవతలికి వెళ్ళింది.

“హలో మేడం... ఆఁ, బాగానే...”

టైలరమ్మ గబుక్కున పెడల్ తొక్కింది. మిషను దడదడలాడింది. కానీ మాస్కు అంచు ఎంతలో అయిపోతుంది? గుడ్డ మార్చడానికి ఆగిన ప్రతిసారీ కర్టెన్ అవతల మాట కూడా ఆగిపోతోంది. రెండుసార్లు చూసింది. సూదిలోంచి దారం లాగేసింది, గుడ్డ తీసి పక్కన పడేసింది, ఇక ఆపకుండా తొక్కడం మొదలుపెట్టింది.

“దారం లేకుండా ఏం కుడుతున్నావే?” అంది నానమ్మ.

“ఏమీ కుట్టట్లేదత్తయ్యా.”

డ్రైవరు సూదికేసి చూశాడు, కర్టెన్‌కేసి చూశాడు. రిమోట్ తీసుకుని టీవీ సౌండ్ పెంచాడు. ఇరవై నిమిషాలకి భార్య పిక్క పట్టేసి మొహం ముడుచుకోవడం చూసి దగ్గరికొచ్చాడు.

“లే. రోజంతా క్లచ్చు తొక్కిన కాలు ఇది.”

వాళ్ళిద్దరి మధ్యా ఆ మాత్రం మెత్తటి మాట నడిచి చాలా రోజులైంది. చప్పుడు తెగకుండా కాలు మార్చుకున్నారు. వెళ్ళి వినాలని టైలరమ్మ ప్రాణం కొట్టుకుంది. తొమ్మిది నెలలు మోసిన పిల్ల కష్టం ఎవరో ముక్కూమొహం తెలియనావిడ వినాలా? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

నలభై నిమిషాలకి కర్టెన్ కదిలింది. ఏమందో అడగబోయిన నానమ్మ, కొడుకు చూసిన చూపుకి నోరు మూసుకుంది.

“పేరు తియ్యరట. వచ్చే వారం మళ్ళీ చేస్తామన్నారు,” అంది పిచ్చుక. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. “ఎన్ని మాస్కులయ్యాయమ్మా?”

“ఒక్కటీ కాలేదే.”

పిచ్చుక మిషను దగ్గరికొచ్చింది. ఖాళీ సూది పైకీ కిందకీ ఆడుతోంది. కింద నాన్న కాలు. పిల్ల గడ్డం వణికింది. టైలరమ్మ పిల్ల అటే వెళ్తుందనుకుని బాత్రూం వైపు చూసి దారి ఇచ్చింది. పిచ్చుక అటు వెళ్ళలేదు. అక్కడే కూలబడి అమ్మ ఒళ్ళో తలపెట్టి, అందరి ముందూ, భోరున ఏడ్చింది.

డ్రైవరు పెడల్ ఆపలేదు.