కింది వాటాలో పాలు పొంగాయి

మా బిల్డింగు టొరంటో పాతపేటలో ఉంది. ఎర్ర ఇటుకల ముందుగోడ చారిత్రకమట. దాన్ని అపురూపంగా నిలబెట్టి, వెనకున్న ఇళ్ళన్నీ కూల్చి టవర్ కడతారట. అందులో కాపురముంటున్న మేం మాత్రం ఎవరికీ అపురూపం కాదు. ఒక్కొక్కరే ఖాళీ చేశారు. కింది వాటా వీరరాఘవులు గారు కూడా పోయిన వారం ఒషావాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇక మిగిలింది నేనూ, మా ఆయన జయదేవూ. ఈ ఇల్లు పోతే ఈ ఊళ్ళో మాకు ఇంకో ఇల్లు అందదు. ఇద్దరం ఒకేసారి బయటికి వెళ్తే ఓనరు మనుషులు తాళం మార్చేస్తారని, ఎప్పుడూ ఒకరం ఇంట్లోనే ఉంటున్నాం.

డిసెంబరు సాయంత్రం. ఐదింటికే చీకటి పడింది. హీటింగ్ ఆపేసి చాలా రోజులైంది. మెట్ల మీద తడిసిన సున్నం వాసన, పైపుల్లో ఎక్కడో నీళ్ళు గొణుగుతున్న చప్పుడు. ఉన్నట్టుండి కింది నుంచి పాలు పొంగి పొయ్యి మీద పడ్డ వాసన వచ్చింది. కొత్తగా దిగేవాళ్ళు కదా పాలు పొంగించేది.

"ఈ కొంపలో గృహప్రవేశమా?" అని నవ్వాను.

జయదేవ్ నవ్వలేదు. "ఓనరే ఎవరినో దింపుతున్నాడేమో. చూసి వెంటనే వచ్చెయ్, సుధా."

కింది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఫోన్ లైటు వేశాను. వంటగదిలో స్టవ్ లేదు, ఖాళీ చేసిన రోజే పీకేశారు. అది ఉండే చోట, నేల మీద నురగ. వేలు పెట్టి చూశాను. కాలింది.

లోపలి గదిలో ఎవరో గుసగుసలాడుతున్నారు. తెలుగులోనే.

"పై వాటా బాగుంటుందట... ఎండ వస్తుందట."

"ఖాళీ అయిందా?"

"అతనొక్కడే ఉన్నాడు... ఆవిడ కిందికొచ్చేసింది."

అంత భయం నేనెప్పుడూ పడలేదు. ఎలా పరిగెత్తానో తెలియదు. మెట్లు... చీకటి... మా తలుపు. మూసి ఉంది. తాళంచెవి పెట్టి తిప్పాను. తిరగలేదు.

"జయ్, తలుపు తియ్."

లోపల అడుగుల చప్పుడు. తలుపు అవతల ఆగింది.

"ఎవరండీ?" జయదేవ్ గొంతే.

"నేను... సుధని."

ఎంతో మర్యాదగా, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు చెప్పాడు.

"ఇల్లు ఖాళీ లేదండీ. మా ఆవిడ లోపలే ఉంది."

గొలుసు తగిలించిన చప్పుడు వినిపించింది. మా తలుపుకు గొలుసు లేదు.